అరిచేవాళ్లకు పల్లికాయలు

ఆయన పేరు నేను మొదటిసారి చదివింది ఆయన పోయాక, ఫ్లెక్సీ మీద.

పాల్వంచ దాటి భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే మలుపు దగ్గర ఆయన రేకుల షెడ్డు. దాని ముందు వెదురు బొంగులకు ఆ ఫ్లెక్సీ కట్టారు. తెల్ల చొక్కాలో ఆయన బొమ్మ, మూలన సిలువ, కింద "ప్రభువునందు నిద్రించిరి" అన్న మాట, దాని కింద పేరు. నాలుగేళ్లుగా వారానికి రెండుసార్లు ఆ షెడ్డు ముందు నుంచే పోతున్నాను. పేరేమిటని అడగాలని ఒక్కనాడూ తోచలేదు. లారీవాళ్లు పెద్దాయన అనేవాళ్లు, మేమూ అదే అన్నాం. ఇప్పుడు తెలిసినా ఇక్కడ రాయను. ఆ పేరుతో పిలిస్తే ఆయన తల తిప్పి చూసేవాడని నాకు నమ్మకం లేదు.

ఫ్లెక్సీ చూసి బ్రేకు తొక్కాను. వెనక సీట్లో అమ్మ "అయ్యయ్యో" అంది. ముందు సీట్లో నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాన్నకు డయాలసిస్ టైమవుతోంది. తిరిగొచ్చేటప్పుడు దిగుదామని తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే బండి అందుకుంది. ఇరవై ఏళ్లు దాటిన కారు అట్లా అందుకుంటోందంటే అది ఆయన చలవే.

బండ్ల కరెంటు పని చేసేవాళ్లను చాలామందిని చూశాను, మా కారు పుణ్యమా అని. బానెట్ ఎత్తీ ఎత్తకముందే లోపల చేతులు పెట్టేస్తారు. ఈయన బానెట్ జోలికే పోయేవాడు కాదు. ముందు చెప్పులు విప్పేవాడు. కారెక్కడానికి ఎవరైనా చెప్పులు విప్పుతారా? అడిగితే, "మీరు తినే జాగ, పండే జాగ గదయ్యా" అనేవాడు. పక్క సీట్లో కూర్చుని కళ్లు మూసుకుని, "ఇగ చెప్పు, ఎప్పటిసంది?" అనేవాడు. ఫలానా రోజు నుంచి అని చెబితే చాలదు. "దానికి ముందు దినం ఏం జరిగింది?" ఏమీ జరగలేదంటే ఒప్పుకోడు. "ఏం జరగకుంటె బండి ఎందుకు అలుగుతది? మంచిగ యాది జేస్కో."

మెడలో రెండు దండలుండేవి. ఒకటి సిలువ కట్టిన నల్లదారం. రెండోది రెండు వైర్లు అతికించిన చిన్న బల్బు. కరెంటు కొలిచే మీటరు కొననే లేదు. బల్బు వైరు ఒక కొనను ఇనుముకు ఆనించి, రెండో కొనతో అనుమానమున్న చోటల్లా తాకించి చూసేవాడు. బాగా వెలిగితే సరే, గుడ్డిగా వెలిగితే, "గీడనే ఎక్కడ్నో తింటున్నది" అని ముందుకు వంగేవాడు. వైరు వేడెక్కిందా లేదా అని చేతి వెనక వైపుతో చూసేవాడు, పిల్లలకు జ్వరం చూసినట్టు.

దుమ్ముగూడెం సంతకు సరుకు తోలే వ్యాపారి ఒకాయన వ్యాను గురించి లారీవాళ్లు కథలుగా చెప్పుకునేవారు. ఆ వ్యాను పోయేటప్పుడు ఆగేది, వచ్చేటప్పుడు ఆగేది కాదు. ఆ రోడ్డు మీదే ఏదో ఉందని వ్యాపారి శాంతి కూడా చేయించాడట. పెద్దాయన అంతా విని ఒకటే అడిగాడు. "పోయేటప్పుడు బండ్ల ఏం బోతది? వచ్చేటప్పుడు ఏమొస్తది?" పోయేటప్పుడు ఉప్పు బస్తాలు, నూనె డబ్బాలు. వచ్చేటప్పుడు ఖాళీ. బస్తాల బరువుకు తుప్పు పట్టిన నేల రేకు వంగి, కింద ఇంధనం పంపుకు పోయే వైరును నొక్కుతోంది. అంతే. వ్యాపారి నోరు తెరిచి నిలబడితే, ఆ వైరు ముక్క కత్తిరించి అతని అరచేతిలో పెట్టాడట. "ఇదిగో, నీ రోగం. సూస్కో."

అది ఆయన పద్ధతి. చెడిపోయిన ముక్క, కాలిన తీగ, పగిలిన క్లిప్పు, ఏదైనా సరే, మన అరచేతిలో పెట్టాకే బండి పంపేవాడు. "రోగం ఎవరిదో వాళ్లకు చూపియ్యాలె. చూపియ్యకుంట పంపితె దొంగతనమే" అనేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేనైతే నాలుగేళ్లు దీన్ని సగమే అర్థం చేసుకున్నాను.

ఇంకొకటి, పల్లికాయలు. షెడ్డు మూలన గోనెసంచిలో వేయించిన పల్లికాయలుండేవి, తొక్కతోనే. అమ్మడానికి కాదు. ఆయన తినడానికీ కాదు, ఆయనకు పళ్లెక్కడివి? అవి అరిచేవాళ్ల కోసం. నడి ఎండలో బండి నెట్టుకుంటూ వచ్చినవాడు అరవక ఏం చేస్తాడు? అట్లాంటివాడి దోసిట్లో పల్లికాయలు పోసి, "గివి అయిపోయేదాక మాట్లాడకు" అనేవాడు. ఒలిచినవి పెట్టొచ్చు కదా అని ఒక డ్రైవరు అడిగితే, "ఒలిసినయి పెడ్తె నోరొక్కటే బంద్ అయితది. తొక్కతోని పెడ్తె చేతులు గూడ బంద్ అయితయ్" అన్నాడట. కోపాన్ని బట్టి కొలత. చిన్న కోపానికి గుప్పెడు, పెద్ద కోపానికి దోసెడు.

నాకు తువ్వాలు నిండా పోశాడు. అది చెప్పాలి.

మాది చండ్రుగొండ దగ్గర. తాతగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నారు. పామాయిల్ తోట ఉంది, బజారులో ఎరువుల దుకాణం ఉంది. నేను అరిచే మనిషిని. దాచిపెడితే దాగే సంగతి కాదిది, మా దుకాణంలో ఏం జరుగుతోందో ఎదురుగా ఉన్న టీకొట్టుకు ఎప్పటికప్పుడు తెలిసిపోతుంది. అమ్మది ఏలూరు వైపు. పెళ్లయి వచ్చి నలభై ఏళ్లయినా మాట మారలేదు, గొంతు పెరగలేదు. నేను అరిస్తే రెండు భుజాలూ పైకి లాగి, మెడ లోపలికి తీసుకుని, ఆ అరుపు అయిపోయేదాకా అట్లాగే ఉంటుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను కదా, అది ఆమె అలవాటనుకున్నాను.

నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి. దగ్గర్లో ఎక్కడా మిషన్ ఖాళీ లేక భద్రాచలం దవాఖానాలో వారానికి రెండు రోజులు కుదిరింది. నాన్న ఈ కారు తప్ప ఇంకోటి ఎక్కనన్నాడు. "గీ సీటుకు నా నడుం తెల్సురా" అంటాడు. సరిగ్గా అప్పుడే కారుకు పిచ్చి పట్టింది. బ్రేకు తొక్కితే వైపర్లు ఊగేవి. ఎడమ ఇండికేటర్ వేస్తే లోపల దీపం వెలిగేది. హారన్ కొడితే ఇంజన్ ఆగిపోయేది. ఒక మెకానిక్కు బ్యాటరీ మార్చాడు, ఒకడు తాళం పెట్టే స్విచ్చి మార్చాడు, మూడోవాడు అమ్మేసుకోమన్నాడు.

అమ్మ మాత్రం దిష్టి అంది. శుక్రవారాలు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టడం మా ఇంట్లో మామూలే. కాయ పగలగొట్టి, ఆ నీళ్లు కారు అద్దం కింద, వైపర్లు ఉండే చోట ధారగా పోస్తుంది. అది కారు నుదురంటుంది. ఇప్పుడు శుక్రవారానికి ఒకటి చాలదని, భద్రాచలం బయలుదేరే ప్రతిసారీ కొట్టడం మొదలుపెట్టింది. డిక్కీలో ఎప్పుడూ రెండు కాయలు దొర్లుతూ ఉండేవి.

ఒక వారం కారు కదలక ఒక డయాలసిస్ తప్పిపోయింది. నాన్న కాళ్లు పొంగిపోయాయి. పడుకుంటే ఊపిరాడక దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. మర్నాడు ఎలాగో మిషన్ దొరికితే పొద్దున్నే బయలుదేరాం. అడవిలో రెండు మలుపులు తిరిగామో లేదో మేకలు అడ్డం వచ్చాయి. తెలివితక్కువతనం, హారన్ కొట్టాను. ఇంజన్ చచ్చిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా టిక్కుమనడమే. ఫోనుకు సిగ్నల్ లేదు. నాన్న నోరు తెరిచి ఊపిరి లాగుతున్నాడు. అంత భయం నేను మళ్లీ పడలేదు, పడను కూడా అనుకుంటున్నాను.

కూరగాయలు తీసుకుపోతున్న ట్రాలీ ఆటో అతను ఆగి, తాడు కట్టి, "పెద్దాయన తాన్కి పోదాం పట్టు" అని వెనక్కి లాక్కొచ్చాడు. షెడ్డు ముందు ఆగగానే నేను బానెట్ ఎత్తబోయాను. పెద్దాయన దానివైపు చూడలేదు. కిటికీలోంచి నాన్నను చూశాడు. చెప్పులు విప్పలేదు, కథ అడగలేదు. బ్యాటరీ నుంచి ఒక వైరు, ఇంజన్ నుంచి ఇంకొకటి నేరుగా లాగి, చకచకా కట్టేశాడు. నాలుగైదు నిమిషాలు పట్టిందేమో. "హారన్ కొట్టకు, లైట్లు వెయ్యకు. ముందుగాల ఆయన్ని దింపు. బండి రోగం తర్వాత చూద్దాం. పో, జల్దీ పో!"

అరగంట ఆలస్యంగా నాన్న మిషన్ మీద పడుకున్నాడు. గంట గడిచేసరికి ముఖంలోకి రంగు వచ్చి, "ఆకలైతున్నదిరా" అన్నాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తిరిగొచ్చేటప్పుడు షెడ్డు దగ్గర ఆగాం. పెద్దాయన నాన్నను తన మంచం మీద పడుకోబెట్టాడు. నాన్న కళ్లు మూసుకున్నాడు. ఇప్పుడు ఆయన తీరిగ్గా చెప్పులు విప్పి, కారెక్కి కూర్చుని, "ఇగ చెప్పు" అన్నాడు. నేను చెబుతున్నాను, ఆయన అద్దంలోంచి బానెట్ వైపే చూస్తున్నాడు. బానెట్ మీద సన్నటి చీమల బారు.

"గీ చీమలు ఏడికి బోతున్నయ్?" అన్నాడు.

"చీమల సంగతి ఎందుకయ్యా, కారు సంగతి చూడు!" అని కసిరాను.

అమ్మ కిటికీ దగ్గరకొచ్చింది. పాపం, సాయంగా ఉంటుందని చెప్పింది. "అన్నయ్యగారూ, నేను బయలుదేరే ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టే పంపుతున్నానండీ. అయినా ఎందుకిలా అవుతోందో..."

ప్రాణం కుదుటపడ్డాక వచ్చే కోపం ఒకటుంటుంది. పొద్దుటి భయమంతా దాంట్లో కలిసి నా నోట్లోంచి వచ్చింది. "నీ కొబ్బరికాయలతోనే చంపేసేటట్టున్నావు ఆయన్ని!"

అమ్మ భుజాలు పైకి లేచాయి. మెడ లోపలికి పోయింది.

పెద్దాయన కారు దిగాడు. నావైపు చూడలేదు, అమ్మ భుజాల వైపు చూశాడు. లోపలికి పోయి గోనెసంచి తెచ్చి, నా మెడలోని తువ్వాలు తనే తీసి, నేల మీద పరిచి, దాని నిండా పల్లికాయలు పోసి మూట కట్టి చేతికిచ్చాడు. "గా కల్వర్టు మీద కూసో బిడ్డా. అన్నీ ఒలిసినంకనే రా."

ఎందుకు పోయానో నాకే తెలియదు. పోయాను. ఒలిచాను. దూరం నుంచి చూస్తే, ఆయన వైపర్ల కింద పట్టీ ఊడదీసి ఏదో చూపిస్తున్నాడు. అమ్మ వంగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న జబ్బు గురించి అడుగుతున్నాడు కాబోలు అనుకున్నాను. గోళ్లు నొప్పి పుట్టాయి. సగానికి వచ్చేసరికి కోపం ఎవరిమీదో మర్చిపోయాను.

తిరిగొచ్చేసరికి కారు గుర్రుమంటోంది. బ్రేకు తొక్కాను, వైపర్లు ఊగలేదు. హారన్ కొట్టాను, ఇంజన్ ఆగలేదు. పెద్దాయన నా అరచేతిలో ఒక ఎర్ర వైరు ముక్క పెట్టాడు. పై తొక్కంతా కొరికి కొరికి, లోపలి రాగి మెరుస్తోంది.

"ఇదిగో, నీ రోగం. ఎలుక."

"ఎలుకా?"

"అవ్. ఇంజన్ వెచ్చగుంటదని ఎక్కుతయ్. కొబ్బరినీళ్లకు అద్దం మరకలైతున్నది, కాయ ఇగ టైరు ముందట నేల మీద కొట్టుమని అమ్మకు చెప్పిన."

ఆ ముక్కకు రంధ్రం చేసి తాళాల గుత్తికి తగిలించుకున్నాను. ఆ రోజు మొదలు ఎలుకల మీద యుద్ధం ప్రకటించాను. బానెట్ కింద పొగాకు కాడలు, కలరా ఉండలు. కారు షెడ్డులో బోను, జిగురు అట్ట. చివరికి ఒక పిల్లిని కూడా తెచ్చాను. అమ్మ దానికి రోజూ పాలు పోసేది. నేను వారం వారం పొగాకు మారుస్తుంటే గడపలో నిలబడి చూసేది, ఏదో చెప్పబోయి లోపలికి పోయేది. కారు మాత్రం మళ్లీ ఒక్కసారి కూడా ఆగలేదు. నాలుగేళ్లు, వారానికి రెండుసార్లు.

రెండేళ్ల కిందట ఆయన్ని చూడాలనిపించి ఒక్కణ్నే దిగాను. "పెద్దాయనా, ఒక్క ఎలుక కూడా దగ్గరికి రాలేదు, తెలుసా?" అని గొప్పలు పోయాను. పొగాకు సంగతి, పిల్లి సంగతి అన్నీ చెప్పాను. ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. కళ్లు తుడుచుకుని గుప్పెడు పల్లికాయలు ఇచ్చాడు.

"ఇవాళ నేను అరవలేదు కదా!"

"గందుకే ఇస్తున్న. ఇనాం అనుకో." తర్వాత అడిగాడు. "అమ్మ మంచిగున్నదా? గట్టిగ మాట్లాడ్తలేవు గద?"

లేదన్నాను. పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. అప్పటికే డాష్‌బోర్డు అరలో పల్లికాయల పొట్లం పెట్టుకోవడం అలవాటైంది. కోపం తన్నుకొస్తే ఒకటి ఒలుస్తాను. ఒక్కొక్కసారి పది ఒలవాల్సి వస్తుంది. టీకొట్టువాళ్లు ఈ మధ్య నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుంటున్నారట.

ఫ్లెక్సీ చూసిన ఆ రోజు, డయాలసిస్ అయ్యాక, ముగ్గురం షెడ్డు దగ్గర దిగాం. ఆయన భార్య వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. అమ్మ పోయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. నిద్రలోనే పోయాడట. ముందు రోజు సాయంత్రం కూడా ఎవరిదో జీపు చూశాడట. "బాధపడలేదమ్మా, గదొక్కటి చాలు" అంది ఆమె.

బల్ల మీద ఆయన రేకు డబ్బా కనిపించింది. మూత తీశాను. లోపల నట్లు, క్లిప్పులు, ఒక పక్కన దారం కట్టిన చిన్న కట్ట. అన్నీ కొరికిన వైరు ముక్కలే. ఎర్రవి, నల్లవి, పచ్చవి.

"ఇన్ని ఎలుకలా!" అన్నాను.

"ఎవల బండ్ల దొరికినా దాసేటోడు బిడ్డా" అంది ఆమె. "గివెందుకంటె, ఎవరికన్న అక్కర పడ్తయ్ అనేటోడు."

అమ్మ తల వంచుకుంది. పెద్దాయన భార్య మాకు మిగిలిన పల్లికాయలు ఒక సంచిలో పోసి ఇచ్చింది. వద్దనలేకపోయాం.

కారెక్కి తాళం పెట్టాను, తిప్పలేదు. మనసు ఒప్పుకోలేదు. సంచిలోంచి ఒక కాయ తీసి ఒలుస్తూ కూర్చున్నాను. అప్పుడు వెనక నుంచి అమ్మ అంది.

"అబ్బాయ్, అది ఎలుక కాదురా."

అద్దంలో చూశాను. అమ్మ చేతిసంచిలోంచి కుంకుమ భరిణె తీసింది. దాని మూత తీసి, కాగితంలో చుట్టిన ఒక బోల్టు విప్పి చూపించింది. తుప్పుతో గరుకుగా, ఒక పక్క ఆకుపచ్చగా ఉంది.

"ఇది నాకిచ్చారు అన్నయ్యగారు. నా అరచేతిలో పెట్టారు. నేను పోసిన కొబ్బరినీళ్లు వైపర్ల కింద సందుల్లోంచి దిగి దీని మీద పడేవట. కారులో నల్లవైర్లన్నీ వచ్చి ఈ ఒక్క బోల్టు కిందే కలుస్తాయట. తీపినీళ్లు కదా, ఎండి, జిగటై, తుప్పు పట్టి, కరెంటు పోవలసిన దారి లేక కనిపించిన దారినల్లా పోయిందట. ఆ చీమలు అందుకే వచ్చాయి. కారు ఆగినకొద్దీ నేను కాయలు కొట్టాను. కొట్టినకొద్దీ అది ఆగింది."

తాళాల గుత్తికి వేలాడుతున్న ఎర్ర వైరు కేసి చూశాను. అది ఆ రేకు డబ్బాలోదన్నమాట.

"ఆయన దేవుడు వేరు కదా, కొబ్బరికాయ సంగతి చెబితే నేనేమనుకుంటానో అని ఎంత మొహమాటపడ్డారో! మానెయ్యమని అనలేదురా. 'కొట్టు చెల్లెమ్మా, టైరు ముందట కొట్టు. తప్పు నీళ్లది గాదు, నీది గాదు, రేకు పాతది' అన్నారు."

"మరి నాకెందుకు..." అన్నాను. గొంతు లేస్తోందని నాకే తెలిసింది. అద్దంలో అమ్మ భుజాలు కొద్దిగా పైకి లేచాయి. అప్పుడు చూశాను నేను, నిజంగా, మొదటిసారి. ఆ రోజు పెద్దాయన చూసింది ఇదే. అది ఆమె అలవాటు కాదు. నా పని. చేతిలో ఉన్న కాయ ఒలిచాను. ఇంకొకటి ఒలిచాను.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను, ఈసారి మెల్లగా.

"నేనూ అదే అడిగాను. మా వాడు అరుస్తాడని భయమా అన్నాను. కాదన్నారు. 'నీ కొడుకు ఇందాక ఒక మాట అన్నడు. కోపంల అన్నడు. అది నిజమని తెలిసిందనుకో, నువ్వు మర్చిపోతవ్, తల్లివి గద. ఆయన మర్చిపోలేడు. అన్నోనికే ఎక్కువ కుడ్తది చెల్లెమ్మా. గీ ఒక్కసారికి ఎలుక మీద ఎల్లిపోనియ్' అన్నారు."

నీ కొబ్బరికాయలతోనే చంపేసేటట్టున్నావు. నాలుగేళ్ల తర్వాత ఆ మాట తిరిగొచ్చి నాకే తగిలింది. ఆ రోజే తగిలి ఉంటే ఏమయ్యేవాణ్నో. నాన్న పక్కనే ఉన్నాడు, ఊపిరి తీసుకుంటున్నాడు. అందుకని ఓర్చుకోగలిగాను.

"నాకు గూడ తెల్సు" అన్నాడు నాన్న, రోడ్డువైపే చూస్తూ. "మంచం మీద మేలుకునే ఉన్న. నిద్రొస్తదా, నువ్వు గట్ల అరిస్తే?"

"నువ్వూనా! మరి నేను పొగాకు పెడుతుంటే చూస్తూ కూర్చున్నావా? పిల్లి?"

"పిల్లి మంచిదేరా" అన్నాడు. నాన్న నవ్వుతుంటే భుజాలు కదిలాయి. వెనక అమ్మ కూడా నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ.

"నాలుగేళ్లు ఎట్లా మోశావమ్మా?"

"మోయలేకపోయానురా. నువ్వు పొగాకు కట్ట పట్టుకొచ్చినప్పుడల్లా చెప్పేద్దామనిపించేది. అన్నయ్యగారు ఒక్కటే చెప్పారు, 'ఎప్పుడన్న నెమ్మదిగున్న దినం చూసి చెప్పు' అని." కొంగుతో ముఖం తుడుచుకుంది. "చూశాను. ఇవాళ ఉన్నావు. అమ్మయ్య, నా గుండెల మీది బరువు దిగింది."

పెద్దాయన నాకు అబద్ధం చెప్పాడనుకుని ఒక్క క్షణం బాధపడ్డాను. తర్వాత తెలిసింది, ఆయన పద్ధతి తప్పలేదు. రోగం ఎవరిదో వాళ్లకు చూపించాలన్నాడు. బోల్టు అమ్మ చేతిలో పెట్టాడు. నా చేతిలో పల్లికాయలు పెట్టాడు.

"ఆ వైరు ముక్క ఇంక పారెయ్యరా" అంది అమ్మ.

"ఉండనీ" అన్నాను. "అది నాకు కావాలి."

ఒలిచిన గింజలు వెనక్కి చాపి అమ్మ చేతిలో పోశాను. నాన్న కూడా చెయ్యి చాపాడు. కిడ్నీలు పాడైనవాళ్లకు పల్లీలు ఎక్కువ పెట్టకూడదని డాక్టరు చెప్పాడు, రెండే పెట్టాను. నాన్న ఇంకా చెయ్యి తియ్యలేదు. సరేలెమ్మని మూడోది కూడా పెట్టి, తాళం తిప్పాను.